పాట పక్కన నిలబడ్డవాళ్ళు

(డిసెంబర్ 4 సాయంత్రం, ఘంటసాల జయంతి సందర్భంగా విజయనగరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. సంగీత కళాశాల పిల్లలు ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం. పెద్దవాళ్ళలో కొందరికి నేను తెలుసు. గంటస్తంభం దగ్గర సందులో, ఆరడుగుల వెడల్పు కొట్టు. 1983లో తెరిచాను, 2005లో మూసేశాను. మీరు ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చేవారు, నేను రికార్డు చేసి ఇచ్చేవాణ్ణి. 22 ఏళ్ళు నేను చేసిన పని అదే. అందుకని పాటలోని రాగం గురించి, గమకం గురించి నేను మాట్లాడను. అవి చెప్పడానికి మీ మేష్టార్లున్నారు. పాట మనదాకా ఎలా వచ్చింది, మధ్యలో ఎవరి చెయ్యి పడింది, అది చెప్తాను.

కొట్టు బయట ఒక నల్లపలక వేలాడేది, గుర్తుందా? పొద్దున్నే షట్టరు ఎత్తగానే సుద్దముక్కతో ‘ఈరోజు పాటల కబురు’ అని రాసి, ఆ తారీఖున పాటల లోకంలో ఏం జరిగిందో కింద రెండు ముక్కలు రాసేవాణ్ణి. పాత పత్రికల్లో చదివినవి, రికార్డు అట్టల వెనక ఉన్నవి, రేడియోలో విన్నవి ఒక లాంగ్ నోటుబుక్కులో తారీఖుల వారీగా ఎక్కించుకున్నాను. కొన్ని తారీఖులకి ఒక్క ముక్క కూడా దొరికేది కాదు. డిసెంబర్ 4 వచ్చిందంటే మాత్రం పలక చాలేది కాదు. చివరి లైన్లు అంచు పట్టుకుని నిలువుగా రాసేవాణ్ణి.

తారీఖులో మహిమ ఏమీ లేదండీ. కానీ ఒకే మేకుకి నాలుగు చొక్కాలు తగిలిస్తే ఒకదాని చెయ్యి ఇంకోదాని జేబులోకి పోయినట్టు, ఒకే తారీఖు కింద రాసిన సంగతులు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. ఏటా అవే రాస్తూ రాస్తూ ఉంటే పాడినవాళ్ళ మీద నుంచి నా ధ్యాస వాళ్ళ పక్కన నిలబడ్డవాళ్ళ మీదికి మళ్ళింది. ఈరోజు వాళ్ళ గురించే చెప్తాను.

1956 డిసెంబర్ 4, మంగళవారం. ఆంధ్రప్రదేశ్ పుట్టి 34వ రోజు. మద్రాసులో విజయా వారి ‘మాయాబజార్’ తయారవుతున్న కాలం. ఘంటసాల మాస్టారికి ఆరోజుతో 34 ఏళ్ళు నిండాయి. అదేరోజు మధ్యాహ్నం అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో, యూనియన్ అవెన్యూలో 706 నంబరు ఇంట్లో, సన్ స్టూడియో అని ఒక చిన్న గది. కార్ల్ పెర్కిన్స్ అనే కుర్రవాడు తన అన్నదమ్ములతో కలిసి పాట రికార్డు చేసుకుంటున్నాడు. వయసు 24. ఆ ఏడాది మొదట్లో అతని పాట ఒకటి దేశమంతా మోగింది. అది టీవీలో పాడదామని న్యూయార్క్ వెళ్తుంటే మార్చిలో కారు ప్రమాదమైంది, ఆసుపత్రిలో పడ్డాడు. ఈలోగా అదే పాటని ఎల్విస్ ప్రెస్లీ టీవీలో పాడాడు. పాట పెర్కిన్స్‌ది, దేశానికి గుర్తుండిపోయిన మొహం ఎల్విస్‌ది. ఆ దెబ్బ తిన్న మనిషి మళ్ళీ నిలదొక్కుకుందామని ఆరోజు స్టూడియోకి వచ్చాడు.

స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్. పాటకి పియానో కావాలని లూసియానా నుంచి వచ్చిన ఒక కొత్తవాణ్ణి పిలిపించాడు. జెర్రీ లీ లూయిస్, 21 ఏళ్ళు. అతని మొదటి రికార్డు బజారులోకి వచ్చి మూడు రోజులే అయింది. ఆరోజు కూలి 15 డాలర్లు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే తలుపు తీసుకుని ఎల్విస్ లోపలికి వచ్చాడు. ఏడాది కిందటే అతని కాంట్రాక్టుని ఇదే ఫిలిప్స్ 35,000 డాలర్లకి పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఈ ఏడాదిలో ఎల్విస్ అమెరికాలోకెల్లా పేరున్న కుర్రవాడైపోయాడు. ఊరికే పాత చోటు చూసి పోదామని వచ్చాడు. అదే సన్ కంపెనీకి పాడే జానీ క్యాష్ అనే గాయకుడు కూడా వచ్చాడు. ఎల్విస్ పియానో ముందు కూర్చున్నాడు. పెర్కిన్స్ పాట పక్కకి పోయింది, కబుర్లు మొదలయ్యాయి.

అక్కడ కంట్రోల్ గదిలో ఒక మనిషి ఉన్నాడు. పేరు జాక్ క్లెమెంట్, ఇంజనీరు. ఇది రికార్డు చేయకపోతే తప్పవుతుందని అనిపించిందని ఆయన తరవాత చెప్పుకున్నాడు. టేపు తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు. ఫిలిప్స్ ఊరి పేపరుకి ఫోన్ చేశాడు. విలేకరి, ఫొటోగ్రాఫరు వచ్చారు. పియానో దగ్గర ఎల్విస్, వెనక ముగ్గురు, ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. మర్నాడు పేపర్లో ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ అని పేరు పెట్టారు, అంటే పది లక్షల డాలర్ల నలుగురు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ టేపు నేను చాలాసార్లు విన్నాను. తప్పకుండా వినండి. తుడిచి నిగ్గుదేల్చిన పాట కాదది. ఒకడు ఎత్తుకుంటాడు, రెండు చరణాలయ్యాక మాట మర్చిపోతాడు, ఇంకోడు అందుకుంటాడు. తలుపు వేసిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరో నవ్వుతారు. ఎక్కువగా పాడినవి చర్చి పాటలు. నలుగురూ చిన్నప్పుడు దక్షిణాది ఊళ్ళలో చర్చిలో కూర్చుని నేర్చుకున్నవి. ఏ పాట ఎత్తుకున్నా మిగతావాళ్ళకి వచ్చు. మన భజన మండలిలో ఒకాయన పల్లవి ఎత్తితే గది గదంతా అందుకోదూ, అచ్చం అలాగే.

అందులో ఒకచోట ఎల్విస్ ఒక సంగతి చెప్తాడు. లాస్‌వేగాస్‌లో ఒక బృందంలో ఒక నల్లజాతి గాయకుడు తన పాటే పాడాడట. నాకంటే ఎంతో బాగా పాడాడు అంటాడు. ఆ పాట కోసం రోజూ వెళ్ళి కూర్చున్నాడట. అతను మాటని ఎలా విరిచాడో, ఎక్కడ నొక్కాడో పాడి చూపిస్తాడు. ఆ గాయకుడి పేరు కూడా ఎల్విస్‌కి తెలియదు. జాకీ విల్సన్ అని తరవాత తేలింది. దేశమంతా నెత్తిన పెట్టుకున్న 21 ఏళ్ళ కుర్రవాడు, తన పాట ఇంకొకరు తనకంటే బాగా పాడారని స్నేహితుల ముందు అంత ఇదిగా చెప్పుకోవడం నాకు ఆ టేపులో అన్నిటికన్నా విలువైన ముక్క. వేదిక మీద ఎవరూ అలా మాట్లాడరు. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు వచ్చే మాట అది. విన్నది జాక్ క్లెమెంట్ టేపు.

ఆ టేపు డబ్బాలో పెట్టి అరలో పెట్టారు. ఎల్విస్ వేరే కంపెనీ మనిషి కాబట్టి విడుదల చేసే వీలు లేదు. 1969లో సన్ కంపెనీ చేతులు మారింది. 1977లో ఎల్విస్ పోయాడు. 1981లోగానీ మొదటి రికార్డు బయటికి రాలేదు. పాతికేళ్ళు. ఈ మధ్యలో ఎవరో ఒకరు ఖాళీ టేపు కావలసి వచ్చి దాని మీద ఇంకేదైనా కొట్టేసి ఉంటే?

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నేను ఆ పని చేశాను.

1991, పెళ్ళిళ్ళ రోజులు. కొట్టు ముందు జనం. గజపతినగరం వైపు నుంచి ఒకాయన వచ్చి ఒక క్యాసెట్ ఇచ్చి, బి సైడు ఘంటసాల పద్యాలు ఎక్కించమన్నాడు. చీటీ మీద రాసుకున్నాను. ఆ చీటీ క్యాసెట్ నుంచి ఊడిపోయింది. రాత్రి పదకొండింటికి మిగిలిన క్యాసెట్లన్నీ వరసగా పెట్టి రెండు వైపులా రికార్డు చేసేశాను. ఆయన మర్నాడు వచ్చి అక్కడే విన్నాడు. ఎ సైడులో ఆయన తండ్రి గొంతు ఉండేదట. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడే మనిషి. ఆయన పోకముందు ఇంటి అరుగు మీద కూర్చుని పాడితే పట్టుకున్నది. ఇంకో కాపీ లేదు. కొత్త క్యాసెట్టు ఇస్తాను, డబ్బు ఇస్తాను అంటుంటే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ‘ఏ పద్యం పాడారో నాకు గుర్తే బాబూ, గొంతే...’ అని అక్కడ ఆగిపోయి, క్యాసెట్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా కొట్టుకి రాలేదు.

పిల్లలు క్యాసెట్ చూసి ఉండరు. దాని వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఇక ఆ క్యాసెట్ మీద రికార్డు బటన్ దిగదు. గోటితో విరిచేయొచ్చు, అంతే పని. ఆ తరవాత మా కొట్టుకి ఏ పాత క్యాసెట్ వచ్చినా ముందు హెడ్‌ఫోను పెట్టుకుని రెండు వైపులా వినేవాణ్ణి. ఇంటి గొంతు ఏదైనా వినిపిస్తే అడక్కుండానే ఆ ముక్కలు విరిచి ఇచ్చేవాణ్ణి. కొట్టు మూసేదాకా అలాగే చేశాను.

సరే, ముందుకి వెళ్దాం. పెర్కిన్స్ ఆరోజు రికార్డు చేసుకుంటున్న పాట ఉంది చూశారూ, దానికి పెద్దగా పేరు రాలేదు. కానీ ఇంగ్లండులో లివర్‌పూల్ అనే ఊళ్ళో కొందరు కుర్రవాళ్ళు ఇతని రికార్డులు తెప్పించుకుని అరగదీశారు. ఆ కుర్రవాళ్ళే బీటిల్స్. 1964లో వాళ్ళు ఆ పాటని లండన్‌లో రికార్డు చేస్తుంటే పెర్కిన్స్ ఆ గదిలోనే ఉన్నాడు. ఆ ఏడాదే వాళ్ళ నాలుగో ఆల్బమ్ వచ్చింది. ఊళ్ళు తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నారు, సొంత పాటలు సరిపడా లేవు, 14 పాటల్లో ఆరు ఇతరులవి తీసుకున్నారు. ఆ ఆరింటిలో రెండు కార్ల్ పెర్కిన్స్ పేరు మీదివే. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో విడుదలైన తారీఖు 1964 డిసెంబర్ 4. మెంఫిస్ మధ్యాహ్నానికి సరిగ్గా ఎనిమిదేళ్ళు. చొక్కా చెయ్యి జేబులోకి పోవడం అన్నాను కదా, ఇదే. దీన్ని పలక మీద రాసినరోజు నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చూపించాను.

ఇక 1971. ఈ తారీఖు నాకు సొంతం కూడా.

నాకు ఎనిమిదేళ్ళు. విశాఖలో చినవాల్తేరులో మా పెదనాన్నగారింట్లో ఉండి చదువుకుంటున్నాను. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. కిటికీలకి నల్ల కాయితం అంటించాం. దీపం లేదు. పెద్దమ్మ చీకట్లోనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక పెద్ద శబ్దం. అద్దాలు గలగలలాడాయి, గోడ మీది పటం వంకరైంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరంలో మునిగిపోయిందని తరవాత తెలిసింది. అదేరోజు రాత్రి మన నావికాదళం కరాచీ రేవు మీద దాడి చేసింది. అందుకే డిసెంబర్ 4 నేవీ డే అయింది. ఆర్కే బీచిలో విన్యాసాలు చూడ్డానికి ఇక్కడి నుంచి కూడా బస్సుల్లో వెళ్తారు.

ఆ పగలు, స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రో అనే ఊళ్ళో, కాసినో హాల్లో పాట కచేరీ. ఫ్రాంక్ జప్పా, అతని బృందం. జప్పా గొప్పవాడు. ఏ కోవలోనూ ఇమడని సంగీతం. హాలు నిండా కుర్రకారు. కచేరీ చివరికి వచ్చింది, సింథసైజర్ మోగుతోంది. ప్రేక్షకుల్లో ఎవడో ఒక తుపాకీ పైకి పేల్చాడు. ఓడల వాళ్ళు ఆపదలో ఉన్నామని ఆకాశంలోకి నిప్పు తూటా పేలుస్తారే, అలాంటిది. హాలు పైకప్పుకి వెదురు, పేము అల్లిక. పట్టుకుంది.

జప్పా పాట ఆపి, కంగారు పడకుండా బయటికి నడవమని చెప్పాడు. ఇది ఎలా తెలుసంటారా? ప్రేక్షకుల్లో ఇంకెవరో ఒకరు కచేరీని దొంగచాటుగా టేపు మీద పట్టుకుంటున్నారు. నిప్పు అంటుకున్న ఆ నిమిషం కూడా టేపు తిరుగుతూనే ఉంది. ఏళ్ళ తరబడి చాటుమాటుగా చేతులు మారి, చివరికి 1992లో ఆ రికార్డింగు అధికారికంగానే బయటికి వచ్చింది. ఒకే హాల్లో ఒక చెయ్యి తుపాకీ పేల్చింది, ఒక చెయ్యి రికార్డు బటన్ మీద ఉంది. మూడో చెయ్యి క్లోడ్ నాబ్స్‌ది. ఆయన మాంట్రో జాజ్ ఉత్సవం మొదలుపెట్టిన మనిషి, ఆ ఊరివాడే. లోపలికి మళ్ళీ మళ్ళీ పరిగెత్తి పిల్లల్ని బయటికి లాగాడు. కాసినో మొత్తం కాలిపోయింది, జప్పా వాయిద్యాలన్నీ బూడిదయ్యాయి. ఒక్క ప్రాణం పోలేదు.

ఆ ఊళ్ళోనే డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు బృందం దిగి ఉంది. జప్పా కచేరీ అయిపోయాక అదే కాసినోలో తమ కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకోవాలి. రోలింగ్ స్టోన్స్ వాళ్ళ లారీ ఒకటి, లోపలంతా రికార్డింగు సామాను బిగించినది, అద్దెకి తెచ్చుకున్నారు. ఇప్పుడు లారీ ఉంది, గది లేదు. హోటల్ కిటికీలోంచి చూస్తే మంటలు, గాలికి సరస్సు మీద దుప్పటిలా పరుచుకున్న పొగ. కొద్దిరోజుల తరవాత బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్ నిద్రలోంచి లేస్తూ ‘నీటి మీద పొగ’ అన్న మాట పలికాడట. పాటకి అదే పేరైంది.

నాబ్స్ వాళ్ళకి వేరే థియేటరు చూపించాడు. అక్కడ ఆ పాట వాయిద్యాలు రికార్డు చేస్తుంటే చప్పుడుకి నిద్ర పట్టని చుట్టుపక్కల వాళ్ళు పోలీసులని పిలిచారు. పోలీసులు తలుపు కొడుతుంటే, లోపల సామాను మోసే కుర్రవాళ్ళు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు, పాట పూర్తయ్యేదాకా. ఆ కుర్రవాళ్ళ పేర్లు ఏ రికార్డు అట్ట మీదా నేను చూడలేదు. వాళ్ళు భుజాలు ఆనించిన ఆ కాసేపే లేకపోతే ఆ పాట లేదు. తరవాత చలికాలానికి మూసేసిన ఒక పెద్ద హోటల్లో, వరండాలో పరుపులు నిలబెట్టి గోడలు కట్టుకుని మిగతాదంతా ముగించారు. డిసెంబర్ 6న మొదలుపెట్టి 21కల్లా ఆల్బమ్ అయిపోయింది. వాయించింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ లారీ దాకా వెళ్ళాలి. ఆ తిప్పలు పడలేక వినడమే మానేశారట.

పాట మాటలు చూస్తే అందులో కవిత్వం ఏమీ లేదు. ఊరి పేరు, ఎవరు వాయిస్తున్నారు, ఎలా తగలబడింది, ఎవరు పిల్లల్ని లాగారు, తరవాత మేం ఎక్కడికి పోయాం, అంతే. జరిగింది జరిగినట్టు చెప్పారు. మన బుర్రకథ వాళ్ళు ఊళ్ళో జరిగిన సంగతిని కథ కట్టినట్టు. క్లోడ్ పేరు కూడా పాటలో పెట్టేశారు. గిటార్ మీద ఆ మొదటి బిట్టు ఈ హాల్లో గిటార్ నేర్చుకునే పిల్లలందరికీ వచ్చు. మొదటి వారంలో అందరూ వాయించేది అదే కదా? అదిగో, నవ్వుతున్నారు.

జప్పాకి కష్టాలు అక్కడితో తీరలేదు. ఆరు రోజుల తరవాత, డిసెంబర్ 10న, లండన్‌లో అద్దెకి తెచ్చుకున్న వాయిద్యాలతో కచేరీ చేస్తుంటే ప్రేక్షకుడొకడు వేదిక ఎక్కి అతన్ని కిందికి తోసేశాడు. చాలా నెలలు చక్రాల కుర్చీలో ఉన్నాడు. గొంతు దెబ్బతిని శాశ్వతంగా బొంగురుపోయింది. 1993లో కాన్సర్‌తో పోయాడు, 52 ఏళ్ళకి. పోయిన తారీఖు డిసెంబర్ 4. డీప్ పర్పుల్ గిటార్ మనిషి విడిచి వెళ్ళాక అతని చోట్లోకి వచ్చిన టామీ బోలిన్ అనే కుర్రవాడు 1976లో మయామీలో మత్తుమందులకి బలైపోయాడు. 25 ఏళ్ళు. అదీ డిసెంబర్ 4నే. మంటలకి సరిగ్గా ఐదేళ్ళు.

1980 డిసెంబర్ 4న లెడ్ జెప్లిన్ బృందం ఇక మేం లేమని ఒక చిన్న ప్రకటన ఇచ్చింది. డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్ సెప్టెంబర్‌లో చనిపోయాడు. అతను లేకుండా మేం మేం కాదనుకున్నారు. ఇంకొకరిని పెట్టుకుంటే కోట్లు వచ్చేవి. నాకు ఆ నిర్ణయం మీద చాలా గౌరవం. ఇంకా ఉన్నాయి, ర్యాప్ గాయకుడు జే-జీ 1969లో పుట్టింది ఈరోజే, ఆ తారీఖునే పేరుగా పెట్టుకుని ఒక పాట చేశాడు, అందులో వాళ్ళమ్మ గొంతు ఉంటుంది. ఇవి పలక అంచున నిలువుగా రాసేవి. పలక నడిమధ్యన మాత్రం ప్రతి ఏడూ ఒకే పేరు.

1922 డిసెంబర్ 4. కృష్ణా జిల్లా, గుడివాడ దగ్గర చౌటపల్లి. ఘంటసాల వేంకటేశ్వరరావు.

తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని భజనలకి తీసుకుపోతే, తండ్రి పాడుతుంటే కొడుకు నాట్యం చేసేవాడు. మెంఫిస్ కుర్రవాళ్ళకి చర్చి ఎలాగో, ఈయనకి తండ్రి భుజం అలాగ. పదకొండో ఏట ఆ తండ్రి పోయాడు. గొప్ప సంగీత విద్వాంసుడివి కావాలన్నది ఆయన ఆఖరి కోరిక. ఆ మాట పట్టుకుని పిల్లవాడు మన ఊరికి వచ్చాడు. చేతికున్న 40 రూపాయల ఉంగరాన్ని 8 రూపాయలకి అమ్ముకుని వచ్చాడంటారు. అప్పటికి మీ కళాశాల 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసుగారి తరవాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలం. వచ్చేసరికి వేసవి సెలవులు. తిండి లేదు, చోటు లేదు. ఒక గుళ్ళో తలదాచుకున్నాడు. అక్కడికి వచ్చిన సాధువొకాయన భుజాన జోలె కట్టి, మధూకరం ఎలా అడగాలో నేర్పాడట. ఈ ఊరి వీధుల్లో ఇంటింటా అడిగి తెచ్చుకుని, ఒక పూట తిని రెండో పూటకి గుడ్డలో మూట కట్టుకునేవాడు. ఆ మూటకి చీమలు పట్టేవి. చూసిన గుడి పూజారి ఒక డబ్బా ఇచ్చాడు.

ఆ డబ్బా గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మూత ఉన్న ఒక డబ్బా. ఏ కొలువూ ఇప్పించలేదు, ఏ రాజు దగ్గరికీ సిఫారసు చేయలేదు. అన్నానికి చీమలు పట్టకుండా డబ్బా ఇచ్చాడు, అంతే. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు, ఆ గురువు పేరు లోకానికి తెలుసు, తెలియాలి కూడా. ద్వారంవారి పేరు చెప్పనక్కర్లేదు. జోలెలో అన్నం వేసిన ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసుకున్నారు? వాళ్ళు మన ముత్తవ్వలు, అమ్మమ్మలు అయి ఉంటారు. ఈ హాల్లో ఎవరో ఒకరి ఇంటి గడప ముందు ఆ కుర్రవాడు నిలబడి ఉంటాడు.

తరవాతి సంగతులు మీకు తెలిసినవే, గబగబా చెప్తాను. క్విట్ ఇండియాలో పాల్గొని జైలు. 1944లో సావిత్రమ్మగారితో పెళ్ళి. సముద్రాల రాఘవాచార్యులుగారు మద్రాసు రమ్మన్నారు. వాళ్ళిల్లు చిన్నది, ఇబ్బంది పెట్టకూడదని పానగల్ పార్కు కాపలావాడికి నెలకి 2 రూపాయలు ఇచ్చి అక్కడ పడుకునేవారట. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో పాడితే 116 రూపాయలు ఇచ్చారు. పేకేటి శివరాంగారు హెచ్.ఎం.వి.లో ఉండగా మాస్టారి చేత ప్రైవేటు రికార్డు చేయించారు. పేకేటి అంటే మనకి నటుడిగానే తెలుసు, మెంఫిస్‌లో జాక్ క్లెమెంట్ కూర్చున్న కుర్చీ లాంటిది అప్పుడు ఆయనది. ఆ తరవాత తెలుగునాట ఘంటసాల గొంతు వినని ఇల్లు లేదు.

మా కొట్టుకి వచ్చే చీటీల్లో సగం ఆయనవే. ఒకరు ‘పాతాళభైరవి’ అడిగితే ఒకరు కరుణశ్రీగారి పుష్పవిలాపం అడిగేవారు. ఆ పద్యాలు ఎక్కిస్తుంటే క్యాసెట్ ఇచ్చినాయన వెళ్ళకుండా కౌంటరుకి ఆనుకుని నిలబడిపోయేవాడు. రికార్డయ్యేదాకా కొట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

చివరి రోజుల్లో మాస్టారికి మధుమేహం, గుండె జబ్బు. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తూ నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. ఆ తరవాతే భగవద్గీత పాడాలని గట్టిగా పట్టుకున్నారు. శ్లోకం, దాని వెంటనే తెలుగులో అర్థం. అది పూర్తిచేశారు. 1974 ఫిబ్రవరి 11న పోయారు, 51 ఏళ్ళకి. ఆ రికార్డు విడుదల కావడం ఆయన చూడలేదు. మెంఫిస్ టేపు ఎల్విస్ చూడనట్టే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడు ఆ గీత ఎక్కడ వినిపిస్తోంది? వైకుంఠరథం మైకులో. వీధిలో ఆ గొంతు వినపడగానే ‘ఎవరు పోయారు?’ అని అడుగుతున్నాం. ఇంట్లో పొద్దున్న పెడితే అమ్మలు తీసేయమంటున్నారు, అశుభం అని. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. యుద్ధానికి ముందు, చెయ్యాల్సిన పని ముందు వణికిపోతున్న మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలండీ అవి. గుండె సహకరించని స్థితిలో ఒక మనిషి ఊపిరి కూడగట్టుకుని పాడింది బతికున్నవాళ్ళ కోసం. జాగ్రత్తగా వినండి, అర్థం చెప్పేటప్పుడు ఆయన పాట గొంతు తగ్గించి, పక్కన కూర్చున్నవాడికి చెప్తున్నట్టు చెప్తారు. సినిమా పాటల్లో ఉన్న ఆ నిండు గొంతు కాదది. కొంచెం అలసట ఉంటుంది. ఆ అలసటే నాకిష్టం.

కొట్టు మూసినప్పుడు డెక్కులు, స్పీకర్లు అన్నీ అమ్మేశాను. ఒక రికార్డు ప్లేయరు, ఈ ఒక్క భగవద్గీత ఎల్‌పీ రికార్డు ఉంచుకున్నాను. పొద్దున్నే సూది తుడిచి, సంచీలో పెట్టుకుని తెచ్చాను. ఎవరి తద్దినమూ కాదు, ఒక పుట్టినరోజు సాయంత్రం, ఇంతమంది పిల్లలున్న హాల్లో దీన్ని పెట్టాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

బాబూ, ఆ ఫ్యాన్లు కాసేపు ఆపుతావా? రికార్డు పాతది, మొదట కొంచెం చిటపటలాడుతుంది. కంగారు పడకండి, వెనకాలే తంబూరా వస్తుంది. వెనక మూల ఫోను పట్టుకుని రికార్డు చేస్తున్న అమ్మాయీ, నా మాట అయిపోయిందని ఆపేయకమ్మా. అలాగే ఉంచు. సూది పెడుతున్నాను.